చివరి దశ ఊపిరితిత్తుల జబ్బుల్లో పునరుజ్జీవన నిర్ణయాలు: సింగరేణి ప్రాంతం

గుండె ఆగిన మనిషి ఛాతీని రెండు చేతులతో బలంగా నొక్కుతూ, గొంతులోకి గొట్టం దించి మిషన్‌తో ఊపిరి ఆడించే ప్రయత్నాన్ని వైద్యులు సీపీఆర్ అంటారు. పుస్తకాల తెలుగులో దీన్ని పునరుజ్జీవన ప్రయత్నం అని రాస్తున్నారు. ఊపిరితిత్తులు ఇక బాగుపడని స్థితికి చేరిన రోగికి ఈ ప్రయత్నం చేయాలా, మానాలా అన్నది ముందుగా మాట్లాడుకుని కేస్‌షీట్‌లో రాసి పెట్టుకోవడమే పునరుజ్జీవన నిర్ణయం. మానాలని రాస్తే దాన్ని డీఎన్ఏఆర్ ఉత్తర్వు అంటారు. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని బొగ్గు గనుల ప్రాంతంలో ఈ ప్రశ్న ఎన్నో ఇళ్ళ గడప తొక్కుతుంది, ఎందుకంటే ఇక్కడ ఒక తరానికి తరం దుమ్ములో పనిచేసి రిటైరైంది.

గుండెపోటు చెప్పా పెట్టకుండా రావచ్చు. ముదిరిన ఊపిరితిత్తుల జబ్బు అలా రాదు. మొదట మెట్లెక్కితే దమ్ము వస్తుంది. తర్వాత స్నానానికి వెళ్ళి రావడానికే ఆయాసం. ఆపైన మంచం పక్కన ఆక్సిజన్ మిషన్, ఏడాదిలో రెండు మూడుసార్లు ఆసుపత్రి. ఇంత గడువు ఉన్నా నిర్ణయం మాత్రం ఆఖరి రాత్రి, రోగి నోట మాట రాని స్థితిలో, ఐసీయూ తలుపు ముందు నిలబడ్డ కొడుకు మీద పడుతోంది. రోగి మాట్లాడగలిగినప్పుడే అతన్ని అడిగే వీలు ఉంది. అందునా గని ప్రాంతంలో ఆ వీలు మిగతా చోట్ల కంటే ఎక్కువ.

గనులు, దుమ్ము, ఊపిరి

భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాల హక్కులు పొందింది. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో 1920 డిసెంబర్ 23న ఏర్పడింది. నేడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. గోదావరిఖనిలో గనులు 1960ల మొదట్లో తెరుచుకున్నాయి. 1990ల ఆరంభంలో కంపెనీ మొత్తం మీద లక్షకు పైగా కార్మికులు ఉండేవారు, ఇప్పుడు ఆ సంఖ్య 40 వేల చుట్టుపక్కల ఉంది. అంటే గని దుమ్ము పీల్చినవాళ్ళలో ఎక్కువ మంది ఇప్పుడు గనిలో లేరు. క్వార్టర్ ఖాళీ చేసి, పెన్షన్ మీద, కొడుకుల దగ్గరో సొంత ఊళ్ళోనో ఉన్నారు.

భూగర్భ గనిలో డ్రిల్లింగ్, బ్లాస్టింగ్, బొగ్గు ఎత్తడం ఇవన్నీ దుమ్ము పుట్టించే పనులే. కంటికి కనిపించే దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది. మైక్రాన్లలో కొలిచే సన్నని రేణువులు మాత్రం గాలి గదుల దాకా వెళ్ళి అక్కడే పేరుకుపోతాయి. వాటి చుట్టూ నల్లటి మచ్చలు, పీచులాంటి కండ ఏర్పడతాయి. ఇదే బొగ్గు కార్మికుల న్యూమోకోనియోసిస్. మచ్చలు కలిసిపోయి ఎక్స్‌రేలో ఒక సెంటీమీటరు దాటిన గడ్డల్లా కనిపిస్తే అది ముదిరిన రూపం. గోదావరి లోయ బొగ్గు పొరల పైనా కిందా ఇసుకరాయి ఉంటుంది, ఇసుకరాయిలో సిలికా ఉంటుంది. పైకప్పుకు బోల్టులు వేయడానికి రాయి తొలిచే వారికి, ఓపెన్ కాస్టులో మట్టి తొలగించే చోట డ్రిల్లు పట్టేవారికి సిలికోసిస్ ముప్పు అక్కడి నుంచే వస్తుంది. సిలికా చేరిన ఊపిరితిత్తిలో క్షయ సులువుగా పాగా వేస్తుంది. వీటికి తోడు సీఓపీడీ, అంటే గాలి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు. భూగర్భంలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోవడం నేరం. కాని పైకి వచ్చాక బీడీ తాగినవాళ్ళు తక్కువేం కాదు. బొగ్గుల పొయ్యి మీద ఏళ్ళ తరబడి వండిన ఇల్లాళ్ళకు కూడా ఇదే జబ్బు వస్తుంది. ఆ పొగ లెక్క ఏ కంపెనీ రికార్డులోనూ ఉండదు.

సిలికోసిస్, న్యూమోకోనియోసిస్ రెండూ 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం 25వ సెక్షన్ కింద తెలియజేయాల్సిన జబ్బులుగా ఉండేవి. 1955 గనుల నియమాల ప్రకారం ఉద్యోగంలో ఉన్నవారికి కనీసం ఐదేళ్ళకోసారి వైద్య పరీక్ష జరగాలి. కార్మికులు దీన్ని పీఎంఈ అంటారు. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊది కొలిచే పరీక్ష అందులో భాగం. ఉద్యోగం అయిపోతే ఈ క్రమం ఆగిపోతుంది. ఊపిరితిత్తిలో చేరిన దుమ్ము మాత్రం తన పని మానదు. గని మానేసిన ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా న్యూమోకోనియోసిస్, సిలికోసిస్ ముదురుతాయి. జబ్బు ముదిరే వయసులో రోగి కంపెనీ డాక్టరు కంటికి ఆనడం తగ్గిపోవడం ఈ ప్రాంతపు ప్రధాన లోపం.

దెబ్బతిన్న ఊపిరితిత్తి మీద సీపీఆర్

ఛాతీ తెరవకుండా పైనుంచి నొక్కి గుండెను నడిపించవచ్చని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి పరిశోధకులు కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ప్రకటించారు. అప్పటిదాకా బాగానే ఉండి హఠాత్తుగా గుండె ఆగినవారి కోసం పుట్టిన పద్ధతి ఇది. కరెంటు షాకు, నీళ్ళలో మునక, గుండెపోటు లాంటి సందర్భాలకు ఇది వరం. గనుల్లో ప్రథమ చికిత్స నేర్చుకున్నవాళ్ళకు, రెస్క్యూ జట్లకు ఇది చేతిలో విద్య. షాకు తగిలిన తోటి కార్మికుడి ఛాతీ మీద మరో కార్మికుడు వేసిన చేతులు ప్రాణం నిలబెట్టగలవు. అక్కడ గుండె ఆగింది గాని ఊపిరితిత్తులు ఆరోగ్యంగానే ఉన్నాయి. కాసేపు రక్తం తిప్పితే గుండె మళ్ళీ అందుకునే అవకాశం ఉంది.

న్యూమోకోనియోసిస్‌తోనో సీఓపీడీతోనో ఆఖరికి చేరిన మనిషిలో వరస తిరగబడుతుంది. ముందు ఊపిరితిత్తి ఓడిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోయి, కార్బన్ డయాక్సైడ్ పెరిగి, చిట్టచివర గుండె ఆగుతుంది. అప్పుడు మానిటర్ మీద కనిపించేది చాలాసార్లు సరళరేఖ, లేదా కొట్టుకోని గుండె విద్యుత్ గీత. ఈ రెండింటికీ షాకు ఇచ్చే యంత్రం పనికిరాదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున రొమ్ము ఎముకను నొక్కాలి. వయసు మళ్ళిన ఎముకలు, స్టెరాయిడ్లతో గుల్లబారిన పక్కటెముకలు ఆ బలానికి విరుగుతాయి. పక్కన ఉన్నవారికి ఆ చప్పుడు వినిపిస్తుంది. ఎంఫైసీమాతో ఉబ్బిపోయిన ఊపిరితిత్తిలోకి సంచీతో గాలి కొడితే, లోపలికి వెళ్ళిన గాలి పూర్తిగా బయటికి రాక ఒత్తిడి పెరుగుతుంది. కొన్నిసార్లు ఊపిరితిత్తి చిల్లుపడి గాలి ఛాతీలో చిక్కుకుంటుంది. ఇంతా చేసి గుండె తిరిగి కొట్టుకున్నా, దాన్ని ఆపేసిన కారణం అక్కడే ఉంది. ఊపిరితిత్తి అదే. మెదడుకు ఆక్సిజన్ అందని నిమిషాలు కూడా గడిచిపోయాయి.

అమెరికా ఆసుపత్రుల్లో గుండె ఆగినవారిని అందరినీ కలిపి చూస్తే నూటికి 20 నుంచి 25 మంది దాకా ప్రాణాలతో ఇంటికి వెళుతున్నారు. దీర్ఘకాలిక జబ్బు చివరి దశలో ఉన్నవారికి ఈ అవకాశం అంతకంటే బాగా తక్కువ. సినిమాల్లో ఛాతీ నాలుగుసార్లు గుద్దగానే హీరో దగ్గి లేచి కూర్చుంటాడు. కుటుంబాల మనసులో ఉన్న సీపీఆర్ బొమ్మ చాలావరకు అక్కడి నుంచి వచ్చిందే. డాక్టరు ఆ బొమ్మను సరిచేయకుండా ‘‘చేయమంటారా, వద్దా’’ అని అడిగితే, అది నిజాలు దాచి సంతకం అడిగినట్టే అవుతుంది.

ఇందుకు రెండో వైపు కూడా అంతే గట్టిగా చెప్పాలి. ‘‘మిషన్ ఎక్కితే దిగడు’’ అన్న మాట గనుల్లో బాగా వ్యాపించింది. అది అన్ని జబ్బులకూ నిజం కాదు. సీఓపీడీ రోగికి చలికాలంలో ఇన్ఫెక్షన్ సోకి ఆయాసం ముదిరినప్పుడు ముఖానికి గట్టి మాస్కు బిగించి గాలి ఒత్తే బైపాప్ చికిత్స ఎన్నో ప్రాణాలు నిలిపింది. అది గొట్టం లేని వెంటిలేషన్. గొట్టం వేయాల్సి వచ్చినా అలాంటి రోగుల్లో చాలామంది కొద్ది రోజుల్లో బయటపడి ఇల్లు చేరతారు. ఊపిరితిత్తి పీచుగా గట్టిపడిపోయిన జబ్బుల్లో, ముదిరిన సిలికోసిస్‌లో పరిస్థితి వేరు. అక్కడ వెంటిలేటర్ నుంచి విడిపించడం చాలా కష్టం. కాబట్టి ‘‘ఊపిరితిత్తుల జబ్బు, ముసలితనం, ఇక వద్దు’’ అని ఒకే గాటన కట్టడం అన్యాయం. గుండె ఆగాక చేసే ప్రయత్నం వద్దనుకున్న మనిషికి యాంటీబయాటిక్, ఆక్సిజన్, బైపాప్, ఐసీయూ మంచం ఇవన్నీ దక్కాల్సిందే. డీఎన్ఏఆర్ అని రాసి ఉన్న రోగి దగ్గరికి రౌండ్స్‌లో వెళ్ళడం తగ్గిస్తే అది ఆ ఉత్తర్వును దుర్వినియోగం చేయడమే.

ఆఖరి రాత్రి

గోదావరిఖనిలో కంపెనీ ఏరియా ఆసుపత్రి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రికి అనుబంధంగా సింగరేణి ఆర్థిక సాయంతో ఏర్పడిన వైద్య కళాశాల 2022 నవంబర్‌లో మొదలైంది. జబ్బు చెయ్యి దాటితే కరీంనగర్‌కో, రాజీవ్ రహదారి మీదుగా 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించి హైదరాబాద్‌కో రాసిస్తారు. అంబులెన్స్ అక్కడికి చేరేసరికి రోగిని జన్మలో చూడని డాక్టరు డ్యూటీలో ఉంటాడు. పాత ఎక్స్‌రేలు ఇంట్లో బీరువా మీద ఉండిపోతాయి. మాటలు ఇలా నడుస్తాయి:

‘‘గొంతులో గొట్టం వేసి మిషన్ మీద పెట్టాలి. పెట్టమంటారా?’’

‘‘పెడితే బతుకుతడా సార్, మా బాపు?’’

‘‘ఇప్పుడే చెప్పలేం. పెట్టకపోతే మాత్రం కష్టం.’’

ఈ ప్రశ్నకు ఏ కొడుకూ వద్దని చెప్పలేడు. చెప్పమనడమే క్రూరం. పాడెను దారిలో దింపి, చెవి దగ్గర పేరు పెట్టి మూడుసార్లు పిలిచి చూసే ఆచారం ఉన్న నేల ఇది. దింపుడు కళ్ళం ఆశ అనే మాట అక్కడి నుంచే వచ్చింది. ఊపిరి ఇంకా ఆడుతున్న తండ్రి విషయంలో ఆశ వదులుకోమని అర్ధరాత్రి ఒక అపరిచితుడు అడిగితే ఆ కొడుకు ఏమంటాడు? అన్నదమ్ముల్లో ఒకరు దుబాయిలో ఉంటాడు, ఫోన్‌లో ‘‘నేనొచ్చేదాక ఎట్లనన్న ఆపుండ్రి’’ అంటాడు. ‘‘పైసలకు చూసుకుని హైదరాబాద్ తీసుకపోలేదు’’ అన్న మాట పడాల్సి వస్తుందన్న భయం కోడళ్ళకు, అల్లుళ్ళకు ఉంటుంది. ప్రేమ, భయం, పరువు అన్నీ కలిసి ‘‘పెట్టుండ్రి సార్’’ అనిపిస్తాయి.

తర్వాత డబ్బు అయిపోతుంది. రిటైరైన కార్మికులకు చందా కట్టి చేరే వైద్య పథకం ఉంది గాని దానికి ఖర్చు పరిమితి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. అయినా ప్రైవేటు ఐసీయూలో వారాలు గడిస్తే చేతి నుంచి పడేది తక్కువ కాదు. అప్పుడు కుటుంబం వైద్యుల సలహాకు విరుద్ధంగా తీసుకుపోతున్నామని సంతకం పెట్టి రోగిని అంబులెన్స్ ఎక్కిస్తుంది. గొట్టం తీయగానే దారిలోనే, పక్కన ఉపశమనం ఇచ్చే మందు గాని మనిషి గాని లేకుండా, గాలి అందక తన్నుకుంటూ ప్రాణం పోతుంది. మన దేశంలో చికిత్స విరమణ చాలావరకు ఈ దొంగచాటు దారిలోనే జరుగుతోంది. చట్టం దీన్ని నిర్ణయంగా లెక్కించదు, రికార్డులో ఇది రోగి వెళ్ళిపోవడమే. రోగికి అన్నిటికంటే ఎక్కువ బాధ మిగిల్చే పద్ధతి ఇదే.

చట్టం నడిచిన దారి

గౌరవంగా మరణించే హక్కు మీద చర్చలో తెలుగు న్యాయమూర్తుల పాత్ర గట్టిది. జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లో ఇచ్చిన 196వ నివేదిక, చివరి దశ రోగులకు, వారికి చికిత్స చేసే వైద్యులకు రక్షణ కల్పించే చట్టం కావాలని సిఫారసు చేసింది. జస్టిస్ పి.వి. రెడ్డి అధ్యక్షతన 2012లో వచ్చిన 241వ నివేదిక ఆ విషయాన్ని మళ్ళీ పరిశీలించింది. పార్లమెంటు ఇప్పటికీ ప్రత్యేక చట్టం చేయలేదు. అమల్లో ఉన్నది సుప్రీంకోర్టు గీసిన దారి.

అంతకు ముందే, 2004 చివర్లో, హైదరాబాద్‌లో కండరాలు క్రమంగా చచ్చుబడే జబ్బుతో కృత్రిమ శ్వాస మీద ఉన్న ఒక యువ చదరంగ క్రీడాకారుడు, తాను పోయేలోపే అవయవాలు పనికొచ్చేలా దానం చేయనివ్వమని కోరాడు. అతని తల్లి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళింది. 1994 అవయవ మార్పిడి చట్టం మెదడు మరణించాకే అలాంటి దానానికి వీలిస్తుంది కాబట్టి కోర్టు అనుమతించలేదు. అతను ఆ డిసెంబర్‌లోనే చనిపోయాడు. రేవతి దర్శకత్వంలో 2022లో వచ్చిన హిందీ చిత్రం ‘సలామ్ వెంకీ’కి ఆధారం ఆ కథే. అతను అడిగింది పునరుజ్జీవనం గురించి కాదు గాని, పూర్తి తెలివితో ఉన్న రోగి తన ముగింపు గురించి తానే మాట్లాడిన తెలుగు ఉదాహరణగా అది నిలిచింది.

2011 మార్చి 7న, ఏళ్ళ తరబడి అచేతనంగా ఉన్న నర్సు అరుణా షాన్‌బాగ్ కేసులో సుప్రీంకోర్టు, హైకోర్టు అనుమతితో చికిత్స విరమణకు తొలిసారి దారి తెరిచింది. 2018 మార్చి 9న కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, గౌరవంగా మరణించడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని తేల్చింది. ముందస్తు వైద్య ఆదేశం, అంటే లివింగ్ విల్, చెల్లుతుందని చెప్పింది. కాని ఆ ఆదేశం మీద మేజిస్ట్రేటు సంతకం, కలెక్టర్ వేసే బోర్డు, మేజిస్ట్రేటు స్వయంగా రోగిని చూడటం వంటి షరతులు పెట్టడంతో వాడుకున్నవారు అరుదు. 2023 జనవరి 24న జస్టిస్ కె.ఎం. జోసెఫ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ ముళ్ళను చాలావరకు తీసేసింది.

ఇప్పుడున్న పద్ధతి ఇది. మేజరైన, స్థిమితమైన మనసున్న ఎవరైనా ఇద్దరు సాక్షుల ముందు ఆదేశం రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు ధ్రువీకరించుకోవచ్చు. ప్రభుత్వ ఉన్నత పాఠశాల గెజిటెడ్ ప్రధానోపాధ్యాయుడు, ప్రభుత్వ వైద్యాధికారి ఇందుకు సరిపోతారు కాబట్టి గనుల ఊళ్ళో దీనికి తిరగాల్సిన దూరం ఎక్కువ లేదు. తన తరఫున మాట్లాడే వారిగా ఒకరికంటే ఎక్కువ మంది పేర్లు రాయవచ్చు. ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. రోగి మాట్లాడలేని స్థితికి చేరినప్పుడు చికిత్స చేస్తున్న డాక్టరు, ఐదేళ్ళకు తక్కువ కాని అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు ప్రాథమిక బోర్డుగా కూర్చుంటారు. వారి అభిప్రాయాన్ని, జిల్లా వైద్యాధికారి నియమించిన ఒక వైద్యుడు, మరో ఇద్దరు నిపుణులు ఉన్న రెండో బోర్డు పరిశీలిస్తుంది. రెండు బోర్డులూ వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. అమలు చేసేముందు ఆసుపత్రి మేజిస్ట్రేటుకు తెలియజేస్తే చాలు. ఆదేశం రాయని రోగి విషయంలో కూడా ఇవే బోర్డులు కుటుంబ అంగీకారంతో నిర్ణయిస్తాయి. బోర్డు కాదంటే కుటుంబం హైకోర్టుకు వెళ్ళవచ్చు. సింగరేణిలో ‘మెడికల్ బోర్డు’ అనగానే అందరికీ తట్టేది కార్మికుడు ఉద్యోగానికి అన్‌ఫిట్టా కాదా తేల్చే బోర్డు. దానికీ దీనికీ ఏ సంబంధం లేదని రోగి ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పడం మంచిది.

పూర్తి తెలివిలో ఉండి, విషయం అర్థం చేసుకున్న రోగి ‘‘నాకు గొంతులో గొట్టం వద్దు’’ అంటే అందుకు ఏ బోర్డూ అక్కర్లేదు. ఒంటి మీద జరిగేదాన్ని కాదనే హక్కు అతనిదే. ఊపిరితిత్తుల రోగుల విషయంలో చట్టమంతటిలోకీ ఎక్కువ పనికొచ్చే అంశం ఇదే, తక్కువ మందికి తెలిసిందీ ఇదే.

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2020లో పునరుజ్జీవన ప్రయత్నం మానడం మీద మార్గదర్శకాలు ప్రచురించింది. వాటి సారం ఇది: నయం కాని, ముదురుతున్న జబ్బులో సీపీఆర్ వల్ల మేలు లేదని తేలితేనే ఈ నిర్ణయం తీసుకోవాలి. చికిత్స చేస్తున్న డాక్టరే రోగితో, అతను మాట్లాడలేకపోతే కుటుంబంతో వివరంగా మాట్లాడాలి. విభేదం వస్తే రెండో అభిప్రాయం తీసుకోవాలి. రాసిన ఉత్తర్వును పరిస్థితి మారినప్పుడల్లా తిరిగి చూడాలి. ఇది సీపీఆర్‌కు మాత్రమే వర్తిస్తుంది, మిగతా చికిత్స ఆగదు. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ చికిత్స విరమణపై ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేసి అభిప్రాయాలు కోరింది. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం సుప్రీంకోర్టు తీర్పు అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. ముందస్తు ఆదేశాల నకళ్ళు భద్రపరచడానికి స్థానిక సంస్థలో ఒక అధికారి ఉండాలన్నది 2023 తీర్పులోని అంశమే. రామగుండం నగరపాలక సంస్థ లాంటి చోట ఆ బాధ్యత ఎవరిదో ఊరందరికీ తెలిసేలా బోర్డు పెడితే, అదే పెద్ద ముందడుగు.

బయటి దేశాల అనుభవం

బోస్టన్ నగరంలోని రెండు పెద్ద ఆసుపత్రులు 1976లోనే సీపీఆర్ మానడంపై తమ విధానాలను బహిరంగంగా ప్రచురించాయి. అయినా 1995లో వెలువడిన సపోర్ట్ అధ్యయనం అమెరికా వైద్యాన్ని కుదిపేసింది. తొమ్మిది వేల పైచిలుకు తీవ్ర రోగులను పరిశీలిస్తే, సీపీఆర్ వద్దనుకున్న రోగుల మనసులో మాట వారి డాక్టర్లలో సగం మందికి కూడా తెలియదని తేలింది. అదే సమాచారం మీద తర్వాత జరిగిన విశ్లేషణలో ఇంకో సంగతి బయటపడింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులూ, ముదిరిన సీఓపీడీ రోగులూ సౌఖ్యాన్నే కోరుకున్నారు గాని, సీఓపీడీ వారికి మాత్రం వెంటిలేటర్లు, సీపీఆర్ ఎక్కువగా జరిగాయి. క్యాన్సర్ అనగానే అందరూ ముగింపు గురించి మాట్లాడతారు, దమ్ము రోగాన్ని మాత్రం ఆఖరి జబ్బుగా ఎవరూ చూడరు. మన గనుల్లో జరుగుతున్నదీ ఇదే.

ఇంగ్లండులో 2014లో తీర్పు వచ్చిన ట్రేసీ కేసు వ్యతిరేక దిశ నుంచి అదే పాఠం చెబుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ఒక మహిళ ప్రమాదంలో మెడ విరిగి కేంబ్రిడ్జిలోని ఆసుపత్రిలో చేరింది. ఆమెతో మాట్లాడకుండానే కేస్‌షీట్‌లో డీఎన్ఏఆర్ రాశారు. రోగిని సంప్రదించకపోవడం ఆమె హక్కును ఉల్లంఘించడమేనని, ఆమెకు బాధ కలుగుతుందన్న ఒక్క కారణం సరిపోదని అప్పీలు కోర్టు తేల్చింది. ఇక్కడ కూడా ‘‘పెద్దాయనకు చెప్పకండి సార్, తట్టుకోలేడు’’ అని కుటుంబాలు కోరడం మామూలే. చీకటి గనిలో ముప్పై ఏళ్ళు ప్రాణం అరచేతిలో పెట్టుకుని దిగిన మనిషి తన ఊపిరి గురించిన మాట తట్టుకోలేడని అనుకోవడం అతన్ని తక్కువ చేయడమే.

ఇల్లు, ఉపశమనం

చాలామంది కార్మికులు ఆఖరి ఊపిరి ఇంట్లో వదలాలనే కోరుకుంటారు. ఇక్కడొక ఇబ్బంది ఉంది. రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాలి. కిరాయి ఇంట్లో శవాన్ని ఉంచనివ్వని యజమానులు తెలంగాణ పట్టణాల్లో ఇప్పటికీ ఉన్నారు. అందుకే ఎక్కడ చనిపోవాలన్నది కూడా ఈ సంభాషణలో భాగం కావాలి. సొంత ఊళ్ళో ఇల్లుంటే, అక్కడికి ఆక్సిజన్ మిషన్ చేర్చడం, కరెంటు పోతే సిలిండర్ ఏర్పాటు, ఆయాసం ముదిరితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ముందే తేల్చుకోవాలి.

ఆయాసంతో పోయేవారికి ఇవ్వగల ఉపశమనం చాలా ఉంది. కొద్ది మోతాదు మార్ఫిన్ గాలి అందడం లేదన్న ఆ భయంకరమైన భావనను తగ్గిస్తుంది. సరైన మోతాదులో జాగ్రత్తగా వాడితే అది ఊపిరి ఆపేస్తుందన్న భయానికి ఆధారం లేదు. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించి గుర్తింపు పొందిన సంస్థల్లో మార్ఫిన్ నిల్వను సులభం చేశారు. ముఖం మీదకి చల్లగాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టడం, దిండ్లు ఎత్తుగా వేసి ముందుకు వంగి కూర్చోబెట్టడం ఎవరైనా చేయగల పనులు. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఎదిగిన ఉపశమన చికిత్స, తర్వాత ప్రభుత్వ కేంద్రాలుగా, ‘ఆలన’ పేరిట ఇంటికి వచ్చే సేవగా జిల్లాలకు చేరింది. అది ప్రధానంగా క్యాన్సర్ రోగుల కోసం పుట్టింది. ఊపిరితిత్తుల రోగులను కూడా అంతే చొరవతో అక్కడికి పంపే అలవాటు డాక్టర్లకు రావాలి.

ఎప్పుడు, ఎలా మాట్లాడాలి

సరైన సమయాన్ని గుర్తుపట్టడానికి పెద్ద పరీక్షలు అక్కర్లేదు. ఇంట్లో ఆక్సిజన్ మొదలైన రోజు, ఏడాదిలో రెండోసారి ఆసుపత్రిలో చేరిన రోజు, మొదటిసారి బైపాప్ మీద నుంచి బయటపడి డిశ్చార్జి అయిన వారం, ఈ మూడింటిలో ఏదైనా సరే. రోగి కూర్చుని, ఆక్సిజన్ 88 నుంచి 92 శాతం మధ్య నిలబడి, భార్యో కొడుకో పక్కన ఉన్న పగటిపూట మాట్లాడాలి. ఏళ్ళుగా ఒకే డిస్పెన్సరీకి, ఒకే ఏరియా ఆసుపత్రికి వచ్చే కుటుంబాలు గోదావరిఖనిలో ఎన్నో ఉన్నాయి. నగరపు కార్పొరేట్ ఐసీయూలో డాక్టరుకు దొరకని పరిచయం ఇక్కడి ఓపీలో డాక్టరుకు ఉంది.

‘‘పెద్దాయనా, మొన్న ఐసీయూలో పడ్డ కష్టం గుర్తున్నదా? మళ్ళీ అట్లనే అయితే మమ్ముల ఏం చేయమంటరు?’’

‘‘ఆ మాస్కు పెట్టు బిడ్డా, ఓర్చుకుంట. గొంతుల గొట్టమైతే వద్దు. పానం పోయేటప్పుడు మా ముసల్ది నా పక్కన ఉండాలె.’’

ఇంత చాలు. ఈ మాటల్లో బైపాప్ ఇవ్వాలి, గొట్టం వేయకూడదు, భార్యను లోపలికి రానివ్వాలి అన్న మూడు ఆదేశాలు, సీపీఆర్ వద్దన్న సూచన ఉన్నాయి. డాక్టరు వాటిని విడమరిచి తిరిగి చెప్పి, అవునా అని అడిగి, తేదీ వేసి రాసి, రోగి సంతకమో వేలిముద్రో తీసుకుని, ఒక నకలు ఇంటికి ఇవ్వాలి. ఆ కాగితం పాత ఎక్స్‌రేలతో పాటు ఒకే కవరులో ఉంటే, అంబులెన్స్ ఎక్కేటప్పుడు అన్నీ కలిసి వెళతాయి. నిర్ణయం తెగకపోతే గడువు పెట్టిన ప్రయత్నం అనే మధ్య దారి ఉంది. మూడు రోజులో ఐదు రోజులో వెంటిలేటర్ మీద పెట్టి, ఏ గుర్తులు కనిపిస్తే కొనసాగించాలో, కనిపించకపోతే ఏం చేయాలో మొదటి రోజే కుటుంబంతో మాట్లాడుకోవడం ఆ దారి. కొడుకు మీద పడే భారాన్ని ఇది చాలా తగ్గిస్తుంది, ఎందుకంటే వద్దన్నది అతను కాదు, ఫలించనిది చికిత్స.

గని కుటుంబాల్లో ఇంకో భయం ఉంటుంది. సీపీఆర్ వద్దని సంతకం పెడితే తర్వాత పరిహారానికి అడ్డం వస్తుందేమో అన్నది. మరణ కారణ ధ్రువపత్రంలో రాసేది మనిషిని చంపిన జబ్బును. అది న్యూమోకోనియోసిస్ అయితే న్యూమోకోనియోసిస్ అనే రాయాలి, ‘గుండె ఆగిపోవడం’ అని మాత్రమే రాసి వదిలేయకూడదు. డీఎన్ఏఆర్ ఉత్తర్వు మరణ కారణం కాదు. దుమ్ము వల్ల వచ్చే న్యూమోకోనియోసిస్‌ను 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూలు వృత్తి జబ్బుగా గుర్తించింది. కుటుంబం పోరాడాల్సి వస్తే చేతిలో ఉండాల్సినవి పీఎంఈ కాగితాలు, పాత ఎక్స్‌రేలు, ఏ గనిలో ఏ పని ఎన్నేళ్ళు చేశాడో చూపే సర్వీసు రికార్డు, కారణం స్పష్టంగా రాసిన ధ్రువపత్రం.